హైమవతి వేలి చుక్క

పాతబస్తీలోని ఆ ఆసుపత్రి ల్యాబ్‌కి డాక్టర్ హైమవతే మహారాణి. కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చి, ఉప్పుగూడలో ఇల్లు కట్టుకుని తల నెరిసింది గానీ, తనలా మైక్రోస్కోపు చూడగల మొనగాడు ఈ ఊళ్లో పుట్టలేదన్న పొగరు మాత్రం తగ్గలేదు. కుర్ర డాక్టర్లంటే చులకన. కణాల పైనుండే గుర్తులను పట్టే కొత్త మిషన్లంటే మరీ చులకన. కళ్లు లేనివాళ్లకే అవి కావాలంటుంది.

పూర్వం కణాల్లోని ఎంజైమ్‌ని పట్టే రంగు వేసినప్పుడల్లా, అది పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నెత్తురు స్లైడొకటి పక్కన పెట్టేవారు. దండగమారి పనంటూ దాన్ని ఎత్తేయించింది కూడా ఈ మహాతల్లే.

గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతిపూల మూటలు మోసే బాలరాజ్‌కి బ్లడ్ క్యాన్సరని తేలింది. ఏ రకమో తేలాలి. మైలాయిడ్‌కి ఒక మందు, లింఫాయిడ్‌కి ఇంకొకటి. మైలాయిడ్ కణాల్లో ఆ ఎంజైమ్ ఉంటుంది కాబట్టి రంగు వేయగానే గోధుమగా కనిపిస్తాయి, లింఫాయిడ్‌వి కనిపించవు. బాలరాజ్ ఎముక మజ్జలో ఒక్క కణమూ రంగెక్కలేదు. హైమవతి లింఫాయిడని రాసి పారేసింది.

మర్నాడు వార్డు డాక్టర్ షారోన్ ఫోన్ చేసింది. బయటి ల్యాబ్ మిషన్ రిపోర్టులో సీడీ 13, సీడీ 33 గుర్తులున్నాయట, అవి మైలాయిడ్‌వట. సెలైన్ ఎక్కుతోంది, మందు కలపాలా వద్దా అని అడిగింది.

"మిషన్ చెప్పిందని నా కళ్లు పీకేసుకోమంటావా? కాసేపాగు, నా రంగు సరిగ్గానే పనిచేస్తోందని రుజువు చేస్తాను."

టెక్నీషియన్ నగేష్‌ని సూది తెమ్మని తన వేలే పొడుచుకుంది. ఆ చుక్కకి అదే రంగు వేయించింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి తెల్లకణాల్లోనూ ఆ ఎంజైమ్ ఉంటుంది, తనవి గోధుమగా మెరవాలి కదా! ఒక్కటీ మెరవలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. వెలవెలబోతూ అలాగే ఉన్నాయి.

రంగులో కలిపే పెరాక్సైడ్, వెలుతురు తగిలితే చచ్చిపోయేది, దాని సీసా కిటికీలో, ఎండలో, మూత లేకుండా ఉంది. ఎన్నాళ్లుగా అక్కడుందని అరిచింది.

"మస్తు దినాలైంది మేడం," అన్నాడు నగేష్, ఏమాత్రం ఫికర్ లేకుండా. "రంగు ఎట్లున్నా మీ కండ్లకు కనబడ్తది గదా అనుకున్న."

ఛీ, ఏ ముఖం పెట్టుకుని తిడుతుంది? తన కళ్ల గొప్పలు వాడికి నూరిపోసింది తనే. ఫోన్ తీసింది.

"మందు కలపొద్దు షారోన్. నా రిపోర్టు తప్పు. వేరేది రాస్తాను. పేషెంటు పేరేంటి?"

"బాలరాజ్, మేడం. మీరు సంతకం పెట్టిన కాయితం మీదనే ఉన్నది."