గంపకు అంటించిన మాట

ఆ రోజుల్లో మా ఫిషింగ్ హార్బర్ పేట మొత్తానికి ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ణి నేనేనని నాకు గట్టి నమ్మకం. (పోటీకి ఇంకెవరూ రాలేదన్నది వేరే సంగతి.) ఓడల కంపెనీలో గుమాస్తా ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు పరీక్ష ఒకటి నెగ్గాలి. గుడ్డు, బ్యాడు అంటే మార్కులు పడవనీ, బరువైన విశేషణాలు వాడాలనీ కోచింగ్ మాస్టారు రోజుకు పది మాటలు ఇచ్చేవారు. నేను వాటిని చీటీల మీద రాసి కంటికి కనిపించిన ప్రతిదానికీ అంటించేవాణ్ణి. అలా అమ్మ చేపల గంపకు 'ఇన్‌డిఫాటిగబుల్' వచ్చి పడింది.

అదేమిటని అమ్మ అడిగితే, అలుపెరగని మనిషి అని అర్థం, నీ గురించే రాశానన్నాను. చదువు రాని అమ్మ ఆ చీటీని కాసేపు వేలితో తడిమింది. ఆ రోజు చేపలన్నీ గంట తిరక్కుండా అమ్ముడుపోయాయట. మర్నాటి నుంచి బోణీ డబ్బులు ఆ చీటీకి తాకించి కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి బజారులో ఆడవాళ్ళంతా తమ గంపలకూ రాయమని నా వెంటపడ్డారు. "నా గంప పెద్దదిరా, మాట కూడా పెద్దదే రాయి," అంది మా పిన్ని. ఎప్పుడూ కయ్యానికి కాలుదువ్వే ఆవిడకు 'మాగ్నానిమస్' రాసి, గొప్ప మనసని అర్థం చెప్పాను. పాపం, రెండు రోజులు ఎవరితోనూ తగువాడలేదు. మూడోరోజు చీటీ తడిసి ఊడిపోయింది, పిన్ని మళ్ళీ మామూలు మనిషైంది.

అమ్మ మాత్రం తడిసినప్పుడల్లా అదే మాట మళ్ళీ రాయించుకునేది. పరీక్ష దగ్గరపడ్డాక, గంప దించి గోడ పట్టుకుని నిలబడటం రెండు మూడుసార్లు చూశాను. ఏమైందంటే ఏమీ లేదంది. నాకూ ఆ జవాబే కావాలి, చదవాల్సిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి మరి. పరీక్షలో, బాగా తెలిసిన మనిషి గురించి చెప్పమన్నారు. అమ్మను తొమ్మిది బరువైన విశేషణాలతో ముంచెత్తాను. (పదోది ఎంతకీ గుర్తురాక చెమటలు పట్టాయి.) ఛాతీ విరుచుకుని ఇంటికొస్తే గుమ్మంలో పిన్ని ఉంది. అమ్మ బజారులో పడిపోయిందని, పెద్దాసుపత్రిలో చేర్చామని చెప్పింది.

గుండె నెలల కిందటే దెబ్బతిందన్నారు డాక్టరు. మంచం పక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ ఒక్కమాటైనా ఎందుకు చెప్పలేదని ఏడ్చాను.

"ఏటి సెప్పమంతావురా? నాకు అలుపు నేదని నువ్వే రాసినావు కదా. నాను అలిసిపోయేనంటే నీ సదువు తప్పయిపోద్ది," అంది అమ్మ. నవ్వుతూనే అంది. నాలుగోరోజు పోయింది.

పరీక్ష నెగ్గాను, ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు మా అమ్మాయి అలాంటి పరీక్షకే చదువుతూ బరువైన మాటలు అడుగుతుంటే చెబుతుంటాను. పదోమాట కోసం ఆ పరీక్ష గదిలో చెమటలు కక్కిన కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ కాస్త నవ్వొస్తుంది. మాస్టారి పట్టీలో వెతికాడు వెర్రివాడు. అది ఒకటో తరగతి పిల్లలకు కూడా వచ్చిన మాట. టయర్డ్. మా అమ్మ అలిసిపోయింది.