దుర్గ వాళ్లమ్మకి రష్యన్ కావాలి

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ తెరుచుకున్న ఏడాది అది. రాజమండ్రిలో నేను రష్యన్ చెప్పే చోట మా హెచ్‌వోడీ గారు, అంటే శాఖాధిపతి, నన్ను పిలిచి మెత్తగా ఒక మాట చెప్పారు. సెమిస్టరు చివరికి పదిమంది మిగలకపోతే వచ్చే ఏడాది నుంచి రష్యన్ ఉండదట. ఆయన తప్పేం లేదు. రష్యన్ మా దగ్గర ఎలెక్టివ్, ఇష్టమైతే తీసుకునే అదనపు సబ్జెక్టు. ఏటా ముచ్చటపడి బోలెడుమంది చేరతారు. ఆ అక్షరాలు చూసి బెదిరి, దసరా సెలవులకి వెళ్లినవాళ్లు మళ్లీ రారు. అయినా నాకు ఒళ్లు మండింది. ఎలా మూస్తారో చూద్దాం అనుకున్నాను.

ఆ ఏడు అక్షరాలు పక్కనపెట్టి మొదటి రోజే మాటల్లోకి దిగాను. పైగా ఒక షరతు పెట్టాను. క్లాసులో నేర్చిన మాట ఆ సాయంత్రమే ఇంట్లో ఒకరికి నేర్పాలి. ఇంట్లో నవ్వుతున్నారండీ అని పిల్లలు మొత్తుకున్నారు. నవ్వితే నవ్వనీ, నేర్పండి అన్నాను. దసరా వెళ్లాక చూస్తే సరిగ్గా పదిమంది మిగిలారు.

అంతలో వాళ్లలో దుర్గ అనే అమ్మాయి రావడం మానేసింది. గోదావరి మీద వేటకెళ్లే కుటుంబం. తండ్రి రష్యన్ మాన్పించి కంప్యూటర్ కోర్సులో చేరుస్తున్నాడని తెలిసింది. నేను ఊరుకునే రకం కాదు. ఆ ఆదివారమే ఆటో ఎక్కి వాళ్లింటికి వెళ్లాను.

తండ్రి అప్పారావు గారు వాకిట్లో వల బాగుచేసుకుంటున్నారు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, అప్పుడు అడిగారు.

"ఆ భాష మాకేం కూడు పెడతదండి?"

ఫార్మా కంపెనీలని, అనువాదం ఉద్యోగాలని నాకు తెలిసినవన్నీ చెప్పాను. ఆయన తలూపుతూ వల కుట్టుకుంటూనే ఉన్నారు. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

అప్పుడే దుర్గ తల్లి సత్తెమ్మ ఖాళీ తట్టతో బజారు నుంచి వచ్చింది. నన్ను చూసి తట్ట దించి, "ద్రాస్తే అండి" అంది. రష్యన్‌లో నమస్కారమన్నమాట. నా ప్రాణం లేచొచ్చింది. కూతురు నేర్పిన మాటలన్నీ ఆవిడ మార్కెట్లో వాడేస్తోందట. చేపని రష్యన్‌లో రీబా అంటారు. "రీబా, రీబా" అని కేకేస్తుంటే ఇదేంటని ఆగినవాళ్లు చేప కొనుక్కుని మరీ వెళుతున్నారట. నేనెందుకొచ్చానో విని భర్త వైపు తిరిగింది.

"కంప్యూటరు సెలవుల్లో నేర్చుకుంటది. ఇది మానేస్తే నాకెవరు చెప్తారయ్యా?"

అప్పారావు గారు వల పక్కన పెట్టి, సరే, సోమవారం పంపుతానండి అన్నారు.

విద్యార్థిని చేర్చుకోవడం మా చేతిలో పని. నిలబెట్టేది మాత్రం ఇల్లే. ఇంట్లో ఒకరికి ఆ భాషతో పనిపడిందంటే పిల్లలు ఎక్కడికీ పోరు. ఆ షరతు నా క్లాసులో ఇప్పటికీ ఉంది.

సోమవారం దుర్గ వచ్చింది. కూర్చోకుండానే, ఇంక బేరం లేదు అనడాన్ని రష్యన్‌లో ఏమంటారండి, అమ్మ కనుక్కురమ్మంది అని అడిగింది. ఆ రోజు పాఠం ఆపి అందరికీ ఆ మాటే నేర్పాను. సెమిస్టరు చివర హెచ్‌వోడీ గారు క్లాసుకొచ్చి, ఇంతకీ కోర్సు సంగతేంటండి అన్నారు. నేను రష్యన్‌లో ఆ మాటే చెప్పాను. అంటే ఏంటన్నట్టు చూశారు.

పదిమందీ ఒక్కసారే తెలుగులో చెప్పారు.