వేడి మీద మొరాయించే కారు, మా నర్సింహ

నిన్న పొద్దున అల్మాస్‌గూడలో మా వాకిట్లో ముగ్గేసిన. పూలామె దగ్గర రెండు మూరల చామంతులు తీసుకున్న. పప్పు కడుగుతుంటే ఫోన్ మోగింది.

మరదలు. "వదినా, ఈయన లేస్తలేడు."

మా పెద్ద తమ్ముడు నర్సింహ.
నిద్రలోనే గుండె ఆగిందంట.

ఇప్పటికీ నమ్మబుద్ధి అయితలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పని వానిది. కానీ నాన్న కొన్న పాత కార్బొరేటర్ కారు గుణం వానికే తెలుసు. అమ్మను డయాలసిస్‌కు దాంట్లోనే తీసుకపోయేటోడు.

పోయిన ఎండకాలం సంగతి. అమ్మకు అంతకుముందు డయాలసిస్ తప్పింది. ఒళ్ళంత నీరు, ఊపిరి అందుతలేదు. పెద్ద అంబర్‌పేట్‌ల నర్సింహ ఇంటి నుంచి బయల్దేరినం. ఎల్‌బీ నగర్ దాటినంక పెట్రోల్‌కు ఆపిండు.

మళ్ళా స్టార్ట్ కాలే.

బంకు బయటికి తోసినం. అమ్మ వెనక సీట్లో రొప్పుతుంది.

చిన్న తమ్ముడు రవి ఒర్రిండు. "బ్యాటరీ పోయింది. గీ డబ్బాను తుక్కుకెయ్యమంటే ఇంటవా అన్నా?"

"సెల్ఫ్ జోరుగనే తిరుగుతుంది గదరా. ఇంటికాడ చల్లగున్నప్పుడు ఒక్క దెబ్బకు లేచింది. వేడి మీద ఆపితేనే గిట్ల చేస్తది. జర ఆగు."

బానెట్ లేపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి నాకు చూపించిండు. ఇంజన్ బందే ఉంది. అయినా కార్బొరేటర్‌లో బుడబుడ సప్పుడు. పెట్రోల్ పొంగి లోపలికి కారుతుంది.

"నడుస్తుంటే గాలి తగుల్తది అక్కా, చల్ల పెట్రోల్ ఒస్తుంటది. ఆపంగనే ఇంజన్ వేడంత దీనికెక్కుతది. పెట్రోల్ మరుగుతది."

రవి చెయ్యి ఊపితే ఒక్క ఆటో ఆగలే.

అమ్మ రొప్పుకుంటనే అన్నది, "మీరిద్దరు కొట్లాడుకోండి బిడ్డా, నేను నడుసుకుంట పోత."

నేను అమ్మ చెయ్యి పట్టుకొని నామం చదువుతున్న. వేళ్ళు చల్లబడుతున్నయి.

నర్సింహ కాసేపు వేడి తగ్గనిచ్చి, మూత పెట్టి, ఎక్కువైన పెట్రోల్ పోయేటట్టు యాక్సిలరేటర్ పూర్తిగ తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టిండు.

దగ్గింది. ఆగింది.

మళ్ళా కొట్టిండు. నల్ల పొగ ఇడిచి లేచింది.

దవాఖానకు చేరంగనే అమ్మను ఎత్తుకొని లోపలికి ఉరికిండు.

తర్వాత కార్బొరేటర్ కింద వేడి ఎక్కకుండ మందపు ప్యాకింగ్ వేయించిండు. అయినా కారు ఆపినప్పుడల్లా బానెట్ లేపేటోడు. "ఉక్కపోస్తుందా నర్సన్నా, నీ కారుకు?" అని కాలనీ వాళ్ళు నవ్వేటోళ్ళు.

నిన్న సాయంత్రం దహనం అయినంక అందరం కూర్చున్నం. రేపు అమ్మకు డయాలసిస్.

కారు నేను నడుపుతా అన్నడు రవి. తుక్కు అన్నవాడే.

"దారిల ఆగితే?" అన్న.

కారు తాళంచెవి తెచ్చి నా ముందల పెట్టిండు.

అమ్మను ఇక క్యాబ్‌లో తీసుకపోవాలె, కారు ఎవరికన్న ఇచ్చెయ్యాలె అని అనుకున్నం. అమ్మ సరే అన్నది. రేపు క్యాబ్‌లో అమ్మ పక్కన నేను కూర్చుంట.

ఇంట్లో మైల, దీపం పెట్టేది లేదు. నోట్లోనే నామం చదువుతున్న.

పోయి రా తమ్మీ. అమ్మ సంగతి నేను చూసుకుంట. నిమ్మళంగ పండుకో.