శాంతవ్వ పారబోసిన వేర్లు

కృపారాణి గంప ఖాళీ అయినప్పుడల్లా శాంతవ్వకు ఒళ్లు మండేది. ఇద్దరూ తోడికోడళ్లు. అనంతగిరి గుట్ట ఎక్కే రోడ్డు పక్కన ఒకే చింతచెట్టు నీడన కూర్చునేవాళ్లు. ఇద్దరివీ అడవిలో దొరికిన పుట్టగొడుగులే. అయినా హైదరాబాద్ కార్లు కృపారాణి ముందే ఆగేవి. ఆమె కాడల్ని కొడవలితో నేలబారున కోసి, కడిగి, మోదుగాకు దొప్పల్లో తెల్లగా పేర్చేది. ఎవరో ఆమెను వీడియో తీసి ఫోన్లో పెట్టారు. అప్పటినుంచి దిగినవాళ్లు దిగినట్టే "వీడియోలో ఉన్నావిడ ఎవరు?" అని అడిగేవాళ్లు. శాంతవ్వ వేలు చూపించాల్సి వచ్చేది.

తన గంపలోవి మట్టితోనే ఉండేవి. నీళ్లు తగిలితే సాయంత్రానికి మెత్తబడతాయని ఆమెకు తెలుసు. కొనేవాళ్లకు తెలియదు.

శాంతవ్వ పుట్టింది తాండూరు దగ్గర. తండ్రి నాపరాయి గనిలో కూలి. రాళ్ల మధ్య పెరిగిన పిల్లకు పుట్టగొడుగుల సంగతి ఏం తెలుస్తుంది? కాపురానికి వచ్చిన తొలి వానకాలం పెంట పక్కన మొలిచిన తెల్ల గొడుగుల్ని మురిపెంగా ఒడి నిండా తెచ్చింది. అత్త ఇంద్రమ్మ వాటిని గోడ అవతలికి విసిరేసి, "ఇంటిల్లిపాదిని చంపుతవా?" అన్నది. ఆ మాట పడ్డాక శాంతవ్వ అత్త వెనకే అడవంతా తిరిగి, తిట్లు తింటూ నేర్చుకుంది. చెదపుట్ట మీద మొలిచినదాన్ని కోయకూడదు, కట్టెతో తవ్వి వేరుతో సహా తీయాలి. ఆ వేరు సన్నబడుతూ పుట్ట లోపలికి దిగి ఉండాలి. కాడ అడుగున గిన్నెలాంటిది ఉండకూడదు. కాడ చుట్టూ కడియంలాంటిది ఉండకూడదు. గొడుగు కింది మడతలు ఆకుపచ్చకు తిరగకూడదు. ఒక్క గుర్తు తప్పినా, ఎంత ముద్దుగా ఉన్నా గంపలో పడకూడదు.

గుర్తులన్నీ చూశాక వేరును విరిచి కొంగులో వేసుకుని, దూరంగా వాగులో పారేసేది. వేర్లు అక్కడే వదిలితే పుట్ట ఎక్కడుందో పరాయివాళ్లకు తెలిసిపోతుంది.

ఇంత నేర్చుకున్నా ఇంద్రమ్మ ఇప్పుడు చిన్నకొడుకు శ్రీహరి, కృపారాణిల ఇంట్లోనే ఉంటోంది. మోకాళ్లు పోయి అడవికి వెళ్లలేదు. కృపారాణి చేతి ముద్ద తప్ప ఆమెకు రుచించదు. పైగా శాంతవ్వ మొగుడు జంగప్ప కూడా పళ్లెం ముందు కూర్చుని, "కృప వండితే ఇంకో తీరుంటదే" అన్నాడు. ఆ పూట అతనికి అడుగంటిన కూరే దొరికింది.

కృపారాణి ఒకరోజు, "అక్కా, రేపు నీ వెంట వస్త. నాకు పుట్టలు దొరుకుతలేవు" అన్నది.

"నా వెంట ఎందుకు? నీకు వీడియోలున్నయ్ గద!"

ఆమె రహస్యంగా వెనక వస్తుందని శాంతవ్వకు అనుమానం పట్టుకుంది. అందుకే మర్నాడు వేర్లను వాగులో పారేయలేదు. బర్రెలు మేసే బీడులో చెదలు లేని, ఏమీ మొలవని పాత పుట్ట ఒకటి ఉంది. దాని పక్కన, కంటికి ఆనేలా పారబోసింది. వెతుక్కోనీ, కాళ్లు అరిగేదాకా తిరగనీ అనుకుని నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది.

తర్వాత ముసురు పట్టింది.

ముసురు విడిచిన రోజు శాంతవ్వ అడవి నుంచి వచ్చేసరికి ఉమ్మడి వాకిట్లో కృపారాణి గంప తెల్లగా పొంగిపోతోంది. శాంతవ్వ గంపలో అడుగు కూడా నిండలేదు. ఆ మంటతోనే కాళ్లు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి పోయింది. అక్కడ పారేసిన ముదురు గొడుగు ఒకటి వెల్లకిలా పడి ఉంది. మడతలు ఆకుపచ్చగా ఉన్నాయి.

ఆమె కదల్లేదు. ఇవి వండుకుని తిని ఎవరైనా పడకేస్తే కృపారాణి ముందు ఇక ఏ కారూ ఆగదు. ఆ ఆలోచన వచ్చింది. వచ్చి వెంటనే పోలేదు కూడా. అంతలో కృపారాణి వంటింట్లో కంచం చప్పుడైంది. ఇంట్లో తొలి ముద్ద ఎప్పుడూ అత్తకే.

శాంతవ్వ తడికాళ్లతోనే ఉరికింది. ఇంద్రమ్మ చేతిలోని ముద్దను కొట్టి కింద పడేసింది.

"ఏందే, నోటికాడి బుక్క గుంజుతున్నవ్?"

"అవి మంచియి కావు అత్తా!"

కృపారాణి గరిటెతో వచ్చింది. "పసుపేసి ఉడికించిన అక్కా, రంగు మారలె."

"పసుపుకేం ఎరుకనే మంచీ చెడు?" అంటూ ఇంద్రమ్మే కంచం దూరం జరిపింది. "యాడ తెంపినవ్?"

"బర్లు మేసే బీడుల, పాత పుట్ట కాడ. అక్క తెంపే జాగనే."

"నేను అక్కడ తెంపలే" అన్నది శాంతవ్వ.

"మరి వేర్లు? కొన్నిటికి కడియం ఉంటే నాకు జర అనుమానమైంది. నీ వేర్లు జూసి ధైర్యం జేసిన. శాంతక్క తప్పుది తెంపదు గద అని."

కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ శాంతవ్వ గురించి అంత మంచి మాట అనలేదు. అన్నది ఈమె. అది కూడా మింగుడు పడలేదు.

ఇంద్రమ్మ పెద్దకోడలి వైపు చూసింది. "వేర్లు అక్కడికెట్ల పోయినయ్, శాంతా?"

"నేనే పారబోసిన. నా పుట్ట దొరకొద్దని."

"నన్ను తిప్పనీకా?" అన్నది కృపారాణి.

"ఉత్తగ తిరిగొస్తవనుకున్న. గివి మొలుస్తయని నాకేమన్న కల వడ్డదా? నువ్వు తినలే గద?"

"ఉప్పు సూసిన... రెండు ముక్కలు."

శాంతవ్వ ఆటో కోసం పరుగెత్తింది. డాక్టర్‌కు చూపించడానికి బోరింగు దగ్గరి గొడుగును కాగితంలో చుట్టుకుంది. దారి మధ్యలోనే కృపారాణికి వాంతులు మొదలయ్యాయి. వికారాబాద్ దవాఖాన ముందు ఆటో ఆగింది. ఆమె మాత్రం దిగలేదు.

"నీ పుట్ట యాడుందో సూపిస్త అను, దిగుత."

"పానం పోతుంటే బేరమా, ముదనష్టపుదానా!"

"అను."

"సూపిస్త, దిగు!"

సెలైన్ బాటిల్ ఎక్కుతున్నంతసేపూ శాంతవ్వ మంచం పక్కనే కూర్చుంది. నర్సులు "మీ చెల్లెలా?" అని అడిగితే "బాటిల్ అయిపోవచ్చింది, సూడుండ్రి" అన్నది. ఇంట్లో ఇంద్రమ్మ కూరను, గంపలోని గొడుగులన్నిటినీ గుంత తీయించి పూడ్పించింది. ఒకటో రెండో మంచివి ఉంటాయేమోనని కూడా ఏరనివ్వలేదు.

కృపారాణి కోలుకున్నాక, వాన వెలిసిన ఒక పొద్దున శాంతవ్వ ముందు, ఆమె వెనక నడిచారు. మాట ఇచ్చింది కాబట్టి శాంతవ్వ దగ్గరి దారినే తీసుకుపోయింది. పుట్ట దగ్గర కట్టె చేతికిచ్చి, ఎక్కడినుంచి తవ్వాలో చూపించింది. తను లేత మొగ్గల కోసం చుట్టూ వెతికింది. ఏమీ కనిపించలేదు.

"అక్కా, జర కాలు తియ్" అన్నది కృపారాణి. "నీ కుచ్చిళ్ల కిందనే ఉన్నది."

శాంతవ్వ కాలు తీసింది. అరచేతంత విచ్చుకున్న గొడుగు. కృపారాణి మెల్లగా తవ్వి, వేరు తెగకుండా తీసి ఆమె చేతిలో పెట్టింది. "మంచిదేనా?"

శాంతవ్వ వేరును చివరిదాకా చూసింది. అడుగు చూసింది, కాడ చూసింది. గొడుగు తిప్పి మడతల్ని వెలుతురుకు పట్టింది. మళ్లీ మొదటినుంచి చూసింది. ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు.

"మంచిదే" అని, దాన్ని కృపారాణి గంపలో వేసింది.