వదిన ఒరిజినల్స్

"మీరు వెళ్లండి మేడం. ఎవరు కాదన్నారు? మనిషిని ఆపే హక్కు నాకు లేదు. కాగితాలు మాత్రం పరీక్షలయ్యాకే బయటికొస్తాయి."

"శుక్రవారం లోపల వాటి మీద విదేశానికి కావాల్సిన అటెస్టేషన్ ముద్ర పడాలి సార్. లేకపోతే అక్కడి స్కూలువాళ్లు ఇంకొకర్ని తీసుకుంటారు."

"పదో తరగతికి రెండు నెలల్లో పరీక్షలు. వాళ్ల నెత్తిన ఏ ముద్ర వెయ్యమంటారు? తొమ్మిదేళ్లు అన్నం పెట్టిన స్కూలమ్మా ఇది. ఏరు దాటాక తెప్ప తగలేస్తారా?"

"ఇంకా ఏరు దాటలేదు సార్. తెప్ప మీ బీరువాలోనే ఉంది."

బయట బెంచీ మీద కూర్చున్న ఆమె మరిదికి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. కరస్పాండెంటు గది తలుపు సగమే వేసుంది కాబట్టి లోపలికి వినపడే ఉంటుంది. వినపడనీ.

గొడవంటే రెండు గొంతులు లేవాలి. అక్కడ లేచింది ఒక్కటే. వదిన గొంతు హాజరు పిలుస్తున్నట్టు, ఒకే ఎత్తులో పోతోంది. ఆమె వేళాకోళం కూడా ఆడలేదు, ఉన్నమాట చెప్పింది. ఈమధ్య ఆమె ఏం చెప్పినా అలాగే ఉంటోంది.

ప్రైవేటు స్కూళ్లలో ఇదొక పద్ధతి. చేరేటప్పుడు టీచరు తన డిగ్రీ, ట్రైనింగు సర్టిఫికెట్ల ఒరిజినల్స్ తెచ్చి యాజమాన్యానికి అప్పజెప్పాలి. ఏడాది మధ్యలో ఎవరూ ఎగిరిపోకుండా ముందే రెక్కలు తీసి దాచుకోవడమన్నమాట. వదిన చేరినప్పుడు వాళ్ల అద్దె ఇంట్లో గోడలన్నీ చెదలు. పుస్తకాల అట్టలు రాలిపోతున్నాయి. స్కూల్లో ఇనప బీరువా ఉందంటే మంచిదే అనుకుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి తనే పట్టుకెళ్లి ఇచ్చింది. రసీదు కూడా అడగలేదు. ఊరందరి చేతా లెక్కలు చేయించే మనిషి, తన లెక్క దగ్గరకొచ్చేసరికి అంతే.

"చివరి మాట చెప్తున్నా," అన్నాడు కరస్పాండెంటు, కాస్త తగ్గి. "మీ చోట ఒకర్ని నిలబెట్టండి. పరీక్షలయ్యేదాకా బోర్డు ముందు లెక్క చెయ్యగలిగినవాళ్లు ఎవరైనా సరే. వాళ్ల ఒరిజినల్స్ లోపలికొస్తాయి, మీవి బయటికొస్తాయి. నాకు మీతో పగేం లేదు."

వదిన బయటికొచ్చింది. పైట చెంగు మీద సుద్దపొడి అలాగే ఉంది.

"ఏమన్నాడు?"

"విన్నావుగా."

"నేను వెళ్లి రెండు మాటలంటాను."

"నువ్వు రెండంటే ఆయన ఉన్న ఒక్క దారీ మూస్తాడు. బండి తియ్యి. లెక్కల మాస్టారింటికి పోదాం."

ఆ మాస్టారు వదినకంటే ముందు అదే స్కూల్లో చెప్పి రిటైరయ్యాడు. ఊరికి ఆ చివర ఉంటాడు. వదిన వెనక కూర్చుని బ్యాగు ఒళ్లో పెట్టుకుంది.

ఇంట్లో ఈ మరిదికి పేరు సగం ఇంజనీరు. నాలుగేళ్ల చదువులో రెండేళ్లు చదివి, ఒక సోమవారం పొద్దున కాలేజీ బస్సు ఎక్కకుండా నిలబడిపోయాడు. మార్కులు తక్కువై కాదు, లెక్కల్లో వాడే క్లాసుకి మొదటివాడు. కూర్చోలేక. ఆ తర్వాత ఫోన్ల కొట్టు, పార్సిళ్లు, ఒక జిమ్ము. ఎక్కడా మూడు నెలలు గడవలేదు. ఇప్పుడు స్నేహితుడొకడు వేరే ఊళ్లో మేడల మీద సోలార్ పలకలు బిగించే పనికి రమ్మన్నాడు. వచ్చే సోమవారం ప్రయాణం. ఈ సంగతి ఇంట్లో వదినకొక్కదానికే తెలుసు.

వదిన కొత్త ఉద్యోగం సంగతి మాత్రం వాడే మొదట విన్నాడు. ఆ ఇంటర్వ్యూ వంటింట్లో జరిగింది, ఫోను బాగా అందేది అక్కడే కాబట్టి. కూతురి ఆటల బోర్డు ఫ్రిజ్జుకి ఆనించి, ఫోన్లో ఐదు మొహాల ముందు వదిన పాఠం చెప్పింది. సుద్దముక్క కొత్తదైతే ఆమె ముందు సగానికి విరుస్తుంది. నిండు సుద్ద కీచుమంటుందని. ఆ రోజు స్కెచ్ పెన్ను కూడా విరవబోయి ఆగింది. పాఠమయ్యాక ఆ ఐదుగురిలో ఒకావిడ అడిగింది, చదువు వద్దని మొండికేసిన పిల్లాణ్ణి ఏం చేస్తారని.

"మా ఇంట్లో ఒకడున్నాడు," అంది వదిన, తనకొచ్చిన ఇంగ్లీషులో. "వేళకి అన్నం పెట్టి ఊరుకుంటాం."

వాళ్లు పడీపడీ నవ్వారు. ఆమె నవ్వలేదు. కర్టెన్ వెనక మంచినీళ్లు తాగుతున్న మరిదికి పొలమారింది.

ఉద్యోగం వచ్చిందని కాగితం వచ్చిన రోజున కూడా అంతే. అన్న నీళ్ల ఆఫీసులో గుమాస్తా. కాగితం మూడుసార్లు చదివి, "మంచిదే, ముందు నువ్వెళ్లు, వేసవిలో మేమొస్తాం," అని కారుతున్న కుళాయి బిగించడానికి లేచాడు. ఏడేళ్ల కూతురు మాత్రం, "అమ్మా, అక్కడి పిల్లలు నిన్ను పేరు పెట్టి పిలుస్తారంటగా?" అని కిందపడి నవ్వింది. వదిన కుక్కర్ మూత పెట్టింది. సంతోషం లేదు, ఏడుపు లేదు. అప్పట్నుంచి రోజుకో వస్తువు పెట్టెలో పెడుతోంది. దిద్దాల్సిన నోటుబుక్కులు కట్ట కట్టినట్టు.

మాస్టారు వసారాలో నల్లకళ్లద్దాలతో కూర్చుని ఉన్నాడు. విషయం అంతా విన్నాడు.

"రెండో కంటికి ఆపరేషన్ అయ్యి పది రోజులమ్మా. బోర్డు మీద రాస్తే నేను రాసింది నాకే కనపడదు. పిల్లలకైతే పండగే."

"రెండు నెలలే మాస్టారూ. నోటితో చెప్పినా చాలు."

"నోటితో లెక్కలా? అది హరికథ అవుతుంది." ఆయన మరిది వైపు తల తిప్పాడు. "ఎవరా నీడ? మీ ఆయనా?"

"మరిది."

"ఏం చేస్తుంటాడు?"

"ఏం చెయ్యడండీ," అన్నాడు మరిది.

"అదృష్టవంతుడు," అన్నాడు మాస్టారు. తర్వాత వదినతో, "నేను నీకు సాయం చెయ్యలేనమ్మా. నన్ను కూడా పెట్టెలో పెట్టుకుపోతానంటే మాత్రం వస్తాను."

వదిన దణ్ణం పెట్టి లేచింది. మొహంలో ఏమీ మారలేదు. గేటు దగ్గర నిలబడి తెలిసిన లెక్కల టీచర్లు ఇంకో ఇద్దరికి ఫోన్ చేసింది. ఒకామెకి నెలలు నిండుతున్నాయి. రెండో ఆమె, "నా ఒరిజినల్స్ ఇంకో స్కూలు బీరువాలో ఉన్నాయి మేడం," అంది.

మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర మరిది బండి ఆపాడు. ఆమె ఆపమనలేదు, వద్దనీ అనలేదు. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఎండ ఇంకా ఉంది. ఎదురుగా జిరాక్సు కొట్టువాడు మిషను మూత ఎత్తి లోపల ఊదుతున్నాడు.

"ఒక మాట అడుగుతాను, తిట్టకు," అన్నాడు మరిది. "నీకసలు వెళ్లాలనుందా?"

"తెలీదు."

"తెలీకుండా ఇంత తిరుగుడా?"

ఆమె టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. కాలుతున్నట్టు లేదు ఆమెకి.

"పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తారు చూడు. బుగ్గ కొరుక్కున్నా తెలీదు. అలా ఉంది. ఇప్పుడొచ్చింది కాదు. పోయినేడాది ఒక రోజు సిద్ధాంతం చెప్తున్నాను. చెప్తూ చెప్తూ ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని ఆలోచిస్తున్నాను. వీధి తలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి, స్టవ్వు చూసి, అన్నీ మనసులోనే. తిరిగి బోర్డు చూస్తే నిరూపణ అయిపోయింది. ఒక్క తప్పు లేదు. పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటున్నారు. నేను లేకపోయినా పాఠం నడిచిపోయింది."

"తప్పు లేకపోతే మంచిదేగా."

"నాకూ అలాగే అనిపిస్తుందేమోనని చూశాను. అనిపించలేదు. అక్కడ పుస్తకం వేరు, భాష వేరు, పిల్లలు వేరు. అక్కడైతే మళ్లీ తప్పులు చేస్తానేమో. ఒక్కటి చేసినా చాలు."

ఆమె టీ పక్కన పెట్టి, బ్యాగులోంచి పదో తరగతి లెక్కల పుస్తకం తీసి మరిది ముందు పెట్టింది. మూడు పాఠాలకి మూలలు మడిచి ఉన్నాయి.

"ఇవి మిగిలాయి. చూసుకోవడానికి నీకు రెండు రోజుల పని."

"వదినా, నాకు డిగ్రీ లేదు."

"ఆయన డిగ్రీ అడగలేదు. ఎవరైనా సరే అన్నాడు."

"నేను సోమవారం వెళ్లాలి."

"తెలుసు."

"నేను ఎక్కడా మూడు నెలలు ఉండనని కూడా తెలుసుగా?"

"ఇది రెండు నెలలే." ఆమె నవ్వుతుందేమోనని చూశాడు. లేదు. లెక్క చెప్తోంది. "ఆ పిల్లల్ని మధ్యలో వదిలి నేను పోలేను. ఆ బీరువా తెరవకుండానూ పోలేను. ఇంటికెళ్లగానే నీ మార్కుల లిస్టులు, స్కూలు సర్టిఫికెట్టు తీసి ఇటివ్వు. రేపు పొద్దున నావి తీయించి నీవి అక్కడ పెట్టిస్తాను. పరీక్షలయ్యేదాకా నువ్వు కదలడానికి ఉండదు. అది తెలిసే అడుగుతున్నాను. కాదనాలనుంటే ఇక్కడే చెప్పు, నాకేమీ అనిపించదు. ఇంటికెళ్లాక మీ అన్నయ్య ముందు మాత్రం కాదనకు."