లేని చేతికి తగిలిన తడి

తెగిపోయిన చెయ్యి నొప్పెడుతుందంటే మీరు నమ్ముతారా?

నేను నమ్ముతాను. అది దయ్యం కాదు, నరాల పని. చెయ్యి పోయినా మెదడులో దాని చోటు పోదు. తాడేపల్లిగూడెంలో సైన్సు మాస్టారుగా ఇరవై ఏళ్ళు ఇదే చెప్పాను. చేతబడి అన్నవాణ్ణి నిండు సభలో నిలదీశాను. దయ్యాలను ఏనాడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మస్తాన్ మా ఊరి రైసుమిల్లులో ఫిట్టరు. నాకు ప్రాణ స్నేహితుడు. దసరాకి మిల్లులో యంత్రాలకు బొట్లు పెట్టేది కూడా ఆయనే. "నమాజు నాదండి, మోటారు అందరిదీ" అని నవ్వేవాడు.

బొట్టు యంత్రానికే పెట్టాలి, మూతకి కాదని ఆ రోజు బెల్టు మీది ఇనుప జాలీ విప్పేవారు. వేసిన పూలదండ వాడిపోయేదాకా జాలీ మళ్ళీ బిగిస్తే అరిష్టమట! మూడు రోజులు మిల్లు అలాగే తిరిగేది. దేవుడికి అడ్డం ఉండకూడదని, మనిషిని కాపాడే ఒక్క అడ్డాన్నీ తీసేసే భక్తి ఇది.

2005లో, బెల్టులోకి జారిపోతున్న ఆ దండని పట్టుకోబోయాడు మస్తాన్. ఏలూరు ఆసుపత్రిలో కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. మిల్లువాళ్ళు మాత్రం "అజాగ్రత్త" అని రాసుకున్నారు.

ఆ తర్వాత సెలవు రోజుల్లో వాళ్ళింటికి వెళ్ళి ఎడమచేత్తో రాయడం నేర్పేవాణ్ణి. "ముసలాడికి అఆలండీ మాస్టారూ, బెత్తం తెచ్చారా?" అనేవాడు. ఆయన పట్టుదల ఒక్కటే. ఆ మిల్లులో ఇంకెవరి చెయ్యీ పోకూడదు. జాలీ విప్పనివ్వొద్దని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి అర్జీ పెట్టాలి. నేను రాసిస్తానంటే ఒప్పుకోలేదు.

"మీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయండి. పోయింది నా చెయ్యి కదా, వంకరగానే ఉండాలి."

మరుసటి ఏడు దసరా వెళ్ళిన రెండో రోజు, మధ్యాహ్నం మూడు గంటలు. అర్జీ సగంలో ఉండగా కలం ఆపేశాడు. లేని చేతి వైపు చూశాడు.

"మాస్టారూ, వేళ్ళకి గుడ్డ చుట్టుకుంటోందండి. తడి గుడ్డ. మిల్లులో ఏదో అవుతోంది."

నేను నరాల పాఠం మొదలుపెట్టాను.

"పాఠం తర్వాతండీ బాబూ, ముందు స్కూటరు తియ్యండి!"

అంతా భ్రమ అని చూపించడానికే తీశాను.

మేం వెళ్ళేసరికి మిల్లు ఆగి ఉంది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేశాక పని వెతుక్కుంటూ వచ్చిన సత్యవతి, తవుడు బస్తాకి ఆనుకుని ఏడుస్తోంది. బెల్టు చక్రానికి ఆమె చీర కొంగు చిరిగి చుట్టుకుని ఉంది. ముట్టుకుని చూశాను. తడిగా ఉంది. దుమ్ము పోకుండా కొంగు తడిపి ముక్కుకి కట్టుకుందట. చక్రం మీద జాలీ లేదు, దండ ఉంది.

ఎంతసేపైందని అడిగాను.

"ఇప్పుడేనండి, పది నిమిషాలు కూడా అవ్వలేదు. ఊడుస్తుంటే లాగేసుకుందండి. మెడ దాకా వచ్చేశాక బెల్టు దానంతటదే జారిపోయిందండి."

మస్తాన్ ఆమె పక్కన కూర్చుని ఎడమచేత్తో తల నిమిరాడు. "ఏడవకమ్మా. చీరే కదా పోయింది."

ఆ మిల్లు మస్తాన్‌కి కంఠతా వచ్చు. ఆడవాళ్ళు కొంగు తడుపుకుంటారని తెలుసు, దసరాకి జాలీ విప్పుతారని తెలుసు. ఏడాది నాటి భయం మళ్ళీ లేచి ఉండొచ్చు. బెల్టు వదులై ఉండొచ్చు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ సరిగ్గా ఆ నిమిషంలోనే ఎందుకు? నాకు తెలియదు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడను. తెలియని చోట దయ్యాన్ని కూర్చోబెట్టడానికి సిగ్గుపడతాను.

అర్జీ ఆ సాయంత్రమే పూర్తయింది. ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్ళాక, తర్వాతి దసరాకి బొట్టు జాలీ మీదే పెట్టారు. పెట్టింది సత్యవతి.

మీ ఊళ్ళోనూ మిల్లు ఉంటుంది. అక్కడ ఎవరి చేతికైనా ముందుగా తెలుస్తుందని కూర్చోకండి. రేపు పొద్దున్నే వెళ్ళండి. బెల్టు మీద జాలీ లేకపోతే మిల్లు ఆపించండి, అది బిగించేదాకా అక్కణ్ణుంచి కదలకండి.