మూఢంలో ముహూర్తం రాయనన్న పంతులుగారి కోసం జనక్‌పురికి

మూఢంలో ముహూర్తం పెట్టనన్నందుకు మా గుడి కమిటీ శర్మగారిని పూజారి పని నుంచి తీసేసింది. ఇది తప్పు. నోయిడాలో మా తెలుగువాళ్ళ గుడికి ఎనిమిదేళ్ళుగా ఆయనే పూజారి. కొత్త ఫ్లాటులో గృహప్రవేశానికి మా బావ ఆదివారమే కావాలన్నాడు. నెలాఖరుకి అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాలి, ఆఫీసులో సెలవు దొరకదు. మూఢం వెళ్ళేదాకా ముహూర్తాలు లేవన్నారు శర్మగారు. బావ వెళ్ళి కార్యదర్శికి ఫిర్యాదు చేశాడు. మర్నాడే కమిటీ ఒక కాగితం టైపు చేయించింది: ప్రతి ఆదివారం ఉదయం పదిన్నరకు సుముహూర్తం ఉంది, అని. ఆయన సంతకం పెట్టలేదు. ఆయన ఉంటున్న గుడి వెనక గది ఖాళీ చెయ్యమన్నారు.

ఆయన జనక్‌పురిలో తెలిసినవాళ్ళింట్లో ఉన్నారని విని, మంగళవారం నా వీక్లీ ఆఫ్ రోజున బయల్దేరాను. సంతకం పెట్టించుకు రమ్మని బావ ఆ కాగితం నా చేతికే ఇచ్చాడు. పెట్టేస్తే గొడవ తీరిపోతుందని నాకూ లోపల ఉంది. దాచను.

బొటానికల్ గార్డెన్ స్టేషన్లో మెట్రో మెజెంటా లైను ఎక్కితే జనక్‌పురి వెస్ట్ దాకా ఎక్కడా మారక్కర్లేదు. టికెట్టు అరవై నాలుగు రూపాయలు. ఎనిమిదిన్నరకి ఎక్కితే దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. దారిలో యమున మీద నురగ తేలుతున్నా, పొద్దుటి ఎండలో బాగానే కనిపించింది. జనక్‌పురి వెస్ట్‌లో ఎస్కలేటరు చాలా ఎత్తు. లిఫ్టులు, ఎస్కలేటర్లు రిపేరు చేసేవాణ్ణి కాబట్టి ఊరికే రెండుసార్లు ఎక్కి దిగాను. చప్పుడు లేదు. ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారు. ఈ గొడవ మీద కోపం కాస్త తగ్గింది.

బయట ఈ-రిక్షాకి ఇరవై. నా సంచిలో కొబ్బరికాయలు చూసి, "మందిర్ జానా హై భయ్యా?" అన్నాడు డ్రైవరు. కాదు, పూజారి దగ్గరికి అన్నాను. గుడి బయట పూజారేమిటని నవ్వాడు.

వెళ్ళేసరికి శర్మగారు వంటింట్లో ఉప్మా కలుపుతున్నారు. "నా వంటింట్లో నాకే పని లేకుండా చేశారు" అంది ఆ ఇంటి ఆంటీ.

"రావోయ్. టిఫిను తినుండవు. ముందు తిను" అన్నారాయన.

తిన్నాక కాగితం తీశాను. "ఒక్క సంతకం పంతులుగారూ. అందరూ ఆదివారమే చేసుకుంటున్నారు. మీకేం పోయింది?"

కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "టైపింగు బాగుంది. అవునుగానీ, తాడు చూడకుండా లిఫ్టు బాగుందని ఎప్పుడైనా రాసిచ్చావా?"

"ఒకసారి. సూపర్‌వైజరు తొందరపెట్టాడు."

"నిద్ర పట్టిందా?"

"లేదు. మర్నాడు డ్యూటీ లేకపోయినా వెళ్ళి చూసొచ్చాను."

"నాకు అలా వెళ్ళి చూసుకునే వీలు లేదు నాయనా." కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "ఆదివారం పాలు పొంగించి సామాను చేర్చుకోమను. నేనే వచ్చి దీపం పెడతాను. మూఢం వెళ్ళాక గృహప్రవేశం సక్రమంగా చేసుకుందురు. అది బుధవారం తెల్లవారుజామున పడితే సెలవు పెట్టుకోవాలి మరి. ఆదివారాన్ని ముహూర్తం అని మాత్రం అనను."

అక్కకి ఫోను చేసి స్పీకర్లో పెట్టాను. "ఇంతేనా? ఈ మాట ముందే చెప్పొచ్చుగా ఆయన" అంది.

"చెప్పానమ్మా. మీ ఆయన సగం విని లేచి వెళ్ళిపోయాడు."

అక్క గట్టిగా నవ్వింది. వెనక నుంచి బావ గొంతు: "అచ్ఛా, ఠీక్ హై. రమ్మను."

తిరుగు రైల్లో హాయిగా కూర్చున్నాను. నా చదువు పదితో ఆగింది, తర్వాత చదివిందంతా నాకు నేనే. మంత్రాలు రావు. అయినా ఒకటి తెలుసు: ముహూర్తం లేనప్పుడు లేదని చెప్పే మనిషి 'ఉంది' అంటేనే నమ్మబుద్ధవుతుంది. అడిగిందల్లా ఉందనే పూజారితో మాకేం పని? మీరూ ఈ దారిన వెళ్తే, బొటానికల్ గార్డెన్ మొదటి స్టేషను కాబట్టి రద్దీగా ఉంటే ఒక రైలు వదిలెయ్యండి, తర్వాతి దాంట్లో సీటు దొరుకుతుంది.

ఇక కమిటీకి. సంతకం లేని మీ కాగితం నా దగ్గరుంది. గుడి నోటీసు బోర్డు మీద మీరు అంటించిన నకలు తీసెయ్యండి, శర్మగారిని తిరిగి పిలవండి. లేకపోతే సోమవారం మధ్యాహ్నం ఆయన రాజమండ్రి రైలెక్కి వెళ్ళిపోతారు. ఆదివారం ఉదయం పదిన్నరలోగా నాకు జవాబు కావాలి. ఆ వేళకి సుముహూర్తం ఉందని మీరే రాశారు.